ఇంటిపేరు ముందు

మొన్న ఆదివారం ఆక్లండ్ శివార్లలో, టకానినిలో మా ఇంటి దగ్గరి రౌండబౌట్ ముందు ఒక కారు ఆగిపోయింది. వెనక అద్దానికి పసుపు రంగు ఎల్ బోర్డు. స్టీరింగ్ దగ్గర మనదేశం నుంచి కొత్తగా వచ్చినట్టున్న అమ్మాయి, పక్కన గాల్లో చేతులు తిప్పుతూ మొగుడు. కుడివైపు నుంచి ఒక కారొస్తే ఆగింది, బాగానే ఉంది. అది పోయాక దూరంగా ఇంకొకటి కనబడితే దానికీ ఆగింది. ఆ తర్వాత ఎవరూ రాకపోయినా, వస్తారేమో పాపం అన్నట్టు ఆగే ఉంది. నా వెనకాయన హారన్ కొట్టాడు. ఈ దేశంలో హారన్ కొట్టడమంటే అమ్మనాబూతులు తిట్టడంతో సమానం.

"రౌండబౌట్ దగ్గర మొహమాటం పనికిరాదమ్మాయ్. నీ వంతు వచ్చాక వెళ్లకపోవడం కూడా తప్పే" అన్నాను, అద్దాలు మూసిన కారులో, నాలో నేనే.

ఆ మాట నాది కాదు. హామిల్టన్‌లో నాకు డ్రైవింగ్ నేర్పిన ఆంటీది. ఆవిడ పోయి ఎనిమిది నెలలు. ఇన్నాళ్లూ ఆవిడ గురించి ఒక్క ముక్క రాయలేదు, రాసే మొహం లేక. ఇప్పుడు కూడా ఆవిడ పేరు రాయను. పేర్ల విషయంలో నేను ఆ కుటుంబానికి చేసిన అపకారం చాలు.

ఆవిడది కాకినాడ. చుట్టుపక్కల ఫారాల నుంచి వచ్చే పాల శాంపిళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. అంకుల్ నేను ఆ ఊరు రాకముందే పోయారు, పిల్లలు లేరు. డ్రైవింగ్ నేర్పడం ఆవిడ వృత్తి కాదు. కానీ హామిల్టన్‌లో కారు తోలడం రాకపోతే కాళ్లు లేనట్టే. కొత్తగా పెళ్లై వచ్చిన అమ్మాయి ఎవరో ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఏడుస్తోందని తెలిస్తే చాలు, ఆవిడే ఫోన్ చేసేవారు. నాకూ అలాగే చేశారు.

"నేర్చుకుంటావా, సాయంత్రం దాకా కూర్చుని మీ ఆయనొచ్చాక అరుస్తావా?"

"మా ఆయన నేర్పుతానన్నారు ఆంటీ."

"మొగుడి దగ్గర నేర్చుకుంటే డ్రైవింగూ రాదు, కాపురమూ మిగలదు. శనివారం పొద్దున రెడీగా ఉండు."

ఒళ్లో గుడ్డసంచీ పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చునేవారు. తిట్టరు, కేకలెయ్యరు. అంతా "ఊఁ" లోనే. పొట్టి "ఊఁ" అంటే బాగుంది. సాగదీసిన "ఊఁ" అంటే అద్దం చూడకుండా మలుపు తిప్పావని. ముక్కులోంచి వచ్చే "ఊఁ" అంటే ఇద్దరం చావబోయి బతికామని. ఎదురుగా ఏ లారీయో వస్తే ఆవిడ కుడికాలు, అక్కడ లేని బ్రేకుని గట్టిగా తొక్కేది. ఏళ్ల తరబడి అలా తొక్కీ తొక్కీ ఆ పక్క రబ్బరు మ్యాటుకి చిల్లు పడింది. కొత్త మ్యాటు కొనిస్తామంటే వద్దనేవారు. "ఉండనీ, నా సర్టిఫికెట్ అది."

పార్కింగ్ నేర్పేటప్పుడు ఒకటే మాట. "గోడ వైపు చూడకు. ఎటు చూస్తే కారు అటే పోతుంది." నేను గోడ వైపే చూసేదాన్ని, కారు అటే పోయేది.

రూలంటే రూలే. పిట్ట కూడా లేని స్టాప్ లైను దగ్గర కూడా పూర్తిగా ఆపి, మూడు లెక్కపెట్టాకే కదలనిచ్చేవారు. ఒకసారి షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో నా చేతి చలవ వల్ల పక్క కారు అద్దానికి గీత పడింది. చీటీ రాసి పెట్టి పోదాం ఆంటీ అన్నాను. వానకి చీటీ తడిసిపోతుందని, ఆ కారు మనిషి వచ్చేదాకా నలభై నిమిషాలు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. వచ్చిన కివీ పెద్దాయన అది పాత గీతే అన్నాడు. "కాదు, కొత్తదే" అని వాదించి మరీ ఒప్పించారు. ఇలాంటి మనిషితో వేగడం కష్టమేనని ఆ రోజు అనుకున్నాను.

లైసెన్సు వచ్చిన ప్రతి అమ్మాయీ ఒక మొక్కు తీర్చాలి. ఆవిడని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రాగ్లాన్ సముద్రం దాకా తోలాలి. దారంతా మలుపులే. వెనక నుంచి ఒక్క "ఊఁ" కూడా వినబడదు. తీరా నల్లటి ఇసుక దగ్గర కారు ఆపాక, మనం కేరింతలు కొడుతూ దిగిపోతే ఆవిడ మాత్రం దిగరు. అద్దం కూడా దించరు. సంచీ ఒళ్లో పెట్టుకుని, కళ్లార్పకుండా నీళ్ల వైపు చూస్తూ కూర్చుంటారు. చలికి భయపడుతున్నారని మేం నవ్వుకునేవాళ్లం.

ఒక ఆగస్టు సాయంత్రం, ఏనాడూ ఫోన్ చేయకుండా గుమ్మం తొక్కని మనిషి, ల్యాబ్ నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చారు. టీ పెడతానంటే వద్దన్నారు. గుడ్డసంచీలోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి మడతల దగ్గర చిరిగిన ఒక కాగితం తీశారు.

"నాకో తమ్ముడుండేవాడమ్మాయ్. ఓడలో ఇంజిన్ రూములో పని. ఇరవై నాలుగేళ్లు. స్పెయిన్‌లో అల్మేరియా అనే రేవు ఇంకా ఒక్క రోజు ప్రయాణం ఉందనగా, సముద్రం మీదే పోయాడు. ఎలా పోయాడో రాయలేదు. ఆ రేవు పరిధిలోనే శ్మశానంలో పెట్టేశామని ఇదిగో ఈ కాగితం పంపారు. ముప్పై ఏళ్లవుతోంది. ఆ ఓడల కంపెనీ కూడా ఇప్పుడు లేదు."

నేను కాగితం చదువుతుంటే ఆవిడ నా మొహమే చూస్తున్నారు.

"అక్కడ మట్టిలో పెట్టరట. గోడలో అరలుంటాయట. అందులో పెట్టి మూసేస్తారట. ఆ అరకి ఒక గడువట. అయిపోతే తీసేసి, ఊళ్లోవాళ్లందరి ఎముకలతో కలిపి ఒక గదిలో పోసేస్తారట. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన స్పెయిన్ పిల్ల ఇవాళ లంచ్‌లో చెప్పింది. వాళ్ల తాతని తీసేశారట. శాండ్‌విచ్ తింటూ చెప్పింది."

"ఆంటీ..."

"మా అమ్మ చచ్చిపోయేదాకా ఒకటే ఏడుపు, వాడికి నిప్పు దొరకలేదని. నేనే వెళ్లి తీయించి, దహనం చేయించి తెస్తానని ఆవిడ చేతిలో చెయ్యేసి చెప్పాను. ఎప్పుడో ఒకప్పుడు వెళ్తాంలే, గోడ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. గోడ పోదు. వాడిని తీసేస్తారని నాకెవరు చెప్పారు?"

ఆ రాత్రి ఆవిడ తినలేదు, నన్నూ తిననివ్వలేదు. ఇద్దరం కూర్చుని అల్మేరియా ఊరి శ్మశానానికీ, ఆ తీరం వెంట ఉన్న చిన్న ఊళ్లకీ ఈమెయిళ్లు రాశాం. రాసింది నేనే. ఇంగ్లీషులో రాసి, కంప్యూటర్ చేత స్పానిష్‌లోకి మార్పించి, పేరు, వయసు, ఓడ పేరు, అన్నీ పద్ధతిగా పెట్టాను.

వారం తిరక్కుండా పెద్ద ఊరి నుంచి జవాబొచ్చింది. ఆ ఇంటిపేరుతో మా దగ్గర ఎవరూ లేరు. నాలుగు చిన్న ఊళ్లూ అదే మాట అన్నాయి. ఏడు ఊళ్లు అసలు పలకలేదు.

"అయితే ఈ ఏడింట్లో ఒక దాంట్లో ఉన్నాడు" అన్నారు ఆంటీ. మ్యాపు ప్రింటు తీయించి, ఏడింటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు. ఒకటి కొండ మీద, ఒకటి తీరం చివర మూల మీద, రెంటి మధ్య రోజుకొక్క బస్సు. "కారు అద్దెకి తీసుకుంటాను. ఊరూరూ తిరిగి గోడలన్నీ చదువుతాను."

కానీ పాల సీజన్ ముగిసేదాకా ల్యాబ్‌లో సెలవు లేదు. అంటే జూన్. పది నెలలు. నేను వెంట వెళ్దామంటే అప్పుడే కొత్త ఉద్యోగంలో చేరాను. ప్రతి సోమవారం పొద్దున ఆవిడ ఫోన్. "ఏవైనా జవాబొచ్చిందా?" రాలేదు ఆంటీ. "ఊఁ." ఆ "ఊఁ" ఆవిడ పాత "ఊఁ"లలో ఏదీ కాదు. సోమవారం వస్తోందంటే నేను ఆదివారం సాయంత్రం నుంచే మెయిల్ తెరిచి తెరిచి చూసుకునేదాన్ని.

అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి. స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది. నలభైమందికి పైగా ఆడపిల్లలకి నేర్పిన మనిషి, నా దగ్గర స్టూడెంటుగా చేరారు. ఆదివారం పొద్దున్నే గోడౌన్ల వెనక ఖాళీ పార్కింగ్‌లో, పాల బాటిళ్లలో నీళ్లు నింపి వరసగా పెట్టేవాళ్లం. ఆవిడ కుడి మణికట్టుకి ఎర్రదారం కట్టుకుని, "కుడి, కుడి" అని గొణుక్కుంటూ తోలేవారు. ఇంట్లో అయితే కుర్చీలో కూర్చుని స్టీలు కంచం పట్టుకుని తిప్పేవారు. "ఇన్నేళ్లూ ఎడమ సీటే కదమ్మా నాది. స్టీరింగ్ ఒక్కటే కొత్త" అని నవ్వించేవారు.

ఒక ఆదివారం బాటిళ్ల రౌండబౌట్‌ని మామూలుగా మన పద్ధతిలో తిరిగేశారు. ముప్పై ఏళ్ల అలవాటు. రెండు బాటిళ్లు చక్రాల కింద పగిలాయి. కారు ఆపేసి స్టీరింగ్ మీద తల పెట్టేశారు.

"నా వల్ల కాదేమో అమ్మాయ్. అక్కడ ఒక్కసారి ఇలా తిరిగానంటే వాడి దగ్గరకి చేరకుండానే నేనూ పోతాను. పోతే పోయాను, వాడి సంగతి తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు."

"నేనున్నాను ఆంటీ."

"నువ్వు వాడిని చూశావా?"

చూడలేదు. దిగి కొత్త బాటిళ్లు పెట్టాను. ఆవిడ ముక్కు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టారు.

మే నెలలో కారు బుక్ చేశాను. నా ఆఫీసులో, లంచ్ టైములో, ఒక చేత్తో పెరుగన్నం తింటూ. ల్యాబ్‌లోవాళ్లు ఆవిడ విహారానికి వెళ్తున్నారనుకున్నారు. మధ్యధరా తీరం, కారేసుకుని తిరగడం, ఎంత అదృష్టం అంటూ ఎండకి ఒక పెద్ద టోపీ బహుమతిగా ఇచ్చారు. ఆవిడ థాంక్యూ చెప్పి తీసుకున్నారు.

ఆవిడ వెళ్లిన మూడో రోజు. మాకు సాయంత్రం ఏడవుతోంది, అక్కడ పొద్దున తొమ్మిది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, కారు ఇవ్వనంటున్నాడు."

రేవు పక్కనే ఆ కారు అద్దెల ఆఫీసు. ఆవిడ గొంతు అంత సన్నగా ఎప్పుడూ వినలేదు. ఫోన్ కౌంటర్లో కుర్రాడికి ఇప్పించాను. మర్యాదస్తుడే. ఇంగ్లీషులో నిదానంగా చెప్పాడు.

"మేడమ్, బుకింగ్ ఒకావిడ పేరు మీద ఉంది, లైసెన్సు ఇంకొకావిడది, క్రెడిట్ కార్డు మీద ఉత్త పొడి అక్షరాలున్నాయి. ముగ్గురు మనుషులు."

"ముగ్గురూ ఆవిడే. పేరు ముందు వెనకలైంది, అంతే."

"ముందు వెనకలైతే మాకు వేరే మనిషే మేడమ్. ఇక్కడ మొదట వచ్చేది మనిషి పేరు. ఇంటిపేరు తర్వాత. మీరు ఇంటిపేరు తీసుకెళ్లి ఫస్ట్ నేమ్ గడిలో పెట్టారు."

అప్పుడు నాకు అర్థమైంది. ఫస్ట్ నేమ్ అంటే మొదటి పేరు. మనకి మొదట వచ్చే పేరు ఏది? ఇంటిపేరు. చిన్నప్పుడు పలక మీద దిద్దినప్పటి నుంచి అదే మొదట. ఈ దేశంలో పన్నెండేళ్లు ఉండి, వంద ఫారాలు నింపి, ఆ ఒక్క రోజు పెరుగన్నం తింటూ నా చెయ్యి మా ఊరి బడికి వెళ్లిపోయింది. కుర్రాడిని బతిమాలాను. ఇది సరదాగా తిరగడానికి కాదు నాయనా అని మొత్తం కథ చెప్పాను. మీ మేనేజర్ని పిలవమని అరిచాను, తర్వాత ఏడ్చాను. సారీ మేడమ్ అన్నాడు. పక్కన ఉన్న ఆఫీసుల్లోనూ కార్డు దగ్గరే ఆగిపోయిందట. ఆవిడ చేతిలో ఇంకా అయిదు రోజులే ఉన్నాయి, ఏడు ఊళ్లున్నాయి.

ఫోన్ మళ్లీ ఆవిడ చేతికి వెళ్లింది. రోడ్డు మీద బళ్ల చప్పుడు వినబడుతోంది. కాగితం మడతలు విప్పుతున్న చప్పుడు వినబడింది.

"అమ్మాయ్, ఈ ఓడవాళ్ల కాగితంలో వాడి ఇంటిపేరు ముందుంది. వాడి పేరు చివర ఉంది."

"అవును ఆంటీ, మన పద్ధతిలో."

"మరి వీళ్లు చివరి మాటే ఇంటిపేరు అనుకుంటారుగా. అలాగే రాసుకుని ఉంటారుగా."

పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది. నేను కదల్లేదు.

"మనం రాసిన ఈమెయిళ్లలో ఎలా రాశావు?"

"తిప్పి రాశాను ఆంటీ. వాళ్లకి సరిగ్గా అర్థం కావాలని."

"ఊఁ" అని ఫోన్ పెట్టేశారు.

తిప్పకూడని చోట శ్రద్ధగా తిప్పాను. తిప్పాల్సిన చోట తిప్పలేదు. చదువుకున్న దద్దమ్మ అనేది నాలాంటిదాన్ని చూసే పుట్టి ఉంటుంది. మా ఆయన వచ్చి పొయ్యి కట్టేశారు.

ఎనిమిదిన్నరకి మళ్లీ మోగింది.

"దొరికాడు" అన్నారు ఆంటీ. "వాడి పేరే ఇంటిపేరనుకుని ఆ అక్షరం కింద రాసుకున్నారు. రిజిస్టరులో నిమిషంలో కనబడ్డాడు. ఈ ఊళ్లోనే ఉన్నాడమ్మాయ్. ఏ కొండలూ ఎక్కక్కర్లేదు. కారే అక్కర్లేదు, నడిచొచ్చాను."

నేను దేవుడి పటం వైపు తిరిగి దణ్ణం పెట్టేశాను. "గోడ దగ్గరే ఉన్నారా ఆంటీ?"

"ఆఁ, గోడ దగ్గరే. ఆ అరలో ఇప్పుడు వేరే ముసలాయన ఉన్నాడు. పూలు కూడా పెట్టారు. మనవాడిని ఫిబ్రవరిలో తీసేశారట."

ఆవిడ ఇంకా ఏదో చెబుతున్నారు. ఎముకలన్నీ కలిపే గదికి పైన ఒక రాతి మూత ఉందనీ, అది తెరవరనీ, తెరిచినా ఎవరివి ఎవరివో ఎవరికీ తెలియదనీ. నా చెవులు పనిచేయడం మానేశాయి. ఫిబ్రవరి. నేను ఈమెయిల్ రాసింది ఆగస్టులో. ఆ ఇంటిపేరుతో ఎవరూ లేరు అని జవాబొచ్చిన రోజున వాడు అక్కడే, ఆ గోడలోనే ఉన్నాడు. ఆ తర్వాత కూడా ఆరు నెలలున్నాడు. ఆ ఆరు నెలలూ మేం పార్కింగ్‌లో పాల బాటిళ్ల చుట్టూ తిరిగాం.

మిగిలిన అయిదు రోజులూ ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదట. పొద్దున శ్మశానం తెరవగానే వెళ్లి, ఆ రాతి మూత పక్కన ల్యాబ్‌వాళ్లిచ్చిన టోపీ పెట్టుకుని కూర్చుని, మూసే వేళకి లేచి వచ్చేవారట.

ఆవిడని తీసుకురావడానికి హామిల్టన్ నుంచి ఆక్లండ్ ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. ఆ విమానంలో వాళ్లందరూ వెళ్లిపోయారు. ఇంకో విమానం దిగింది, వాళ్లూ వెళ్లిపోయారు. ఎక్కడైనా పడిపోయారేమోనని అడగడానికి లేస్తుంటే, ట్రాలీ తోసుకుంటూ వచ్చారు. పది రోజుల్లో మనిషి సగమైపోయారు. నన్ను కావలించుకోలేదు. "పద" అన్నారు.

కారు మోటర్‌వే ఎక్కేదాకా ఆగాను. ఇంక ఆగలేక చెప్పేశాను.

"ఆంటీ, నేను ఆగస్టులో ఆ పేరు తిప్పకుండా రాసుంటే..."

"తెలుసు."

"మీకు..."

"అక్కడే తెలిసింది. ఆ శ్మశానం ఆఫీసులో ఆవిడ నీ ఈమెయిల్ వెతికి తీసి చూపించింది. తేదీ చూశాను. లెక్క కట్టుకోవడం నాకూ వచ్చు."

"కోపం వచ్చిందా ఆంటీ?"

"వచ్చింది. అయిదు రోజులూ నిన్ను తిడుతూనే కూర్చున్నాను."

"ఇంకా ఉందా?"

"ఉంది. ఎందుకుండదు? నువ్వు కావాలని చెయ్యలేదని తెలుసు. తెలిసినా ఉంది." సైడ్ అద్దం వైపు వేలు చూపించారు. "లైన్ మారబోతున్నావు, అద్దం చూసుకో."

అద్దం చూశాను. కళ్లనిండా నీళ్లుంటే అద్దంలో ఏం కనబడుతుంది? ఆక్లండ్‌కి దక్షిణాన బాంబే అనే కొండలున్నాయి, అవి దాటాక, పెట్రోలు బంకులో ఆపమన్నారు. దిగలేదు. ఒళ్లో ఉన్న ఖాళీ గుడ్డసంచీని మడతపెడుతూ, ఎయిర్‌పోర్టులో ఎందుకు ఆలస్యమైందో అప్పుడు చెప్పారు.

"ఆ మూత పక్కన మట్టి గుప్పెడు తెచ్చానమ్మాయ్. రుమాల్లో కట్టి. వాడు అందులో ఉన్నాడో లేడో నాకు తెలియదు. దానికైనా నిప్పు చూపించి నీళ్లలో కలుపుదామని. అక్కడే సముద్రం ఉందిగా, అందులో కలపొచ్చుగా అంటావేమో. వాడిని తీసుకున్నదే ఆ సముద్రం. మళ్లీ దానికే ఇవ్వనా?"

"మట్టి రానివ్వరు కదా ఆంటీ ఇక్కడ. చెప్పేశారా?"

"విమానంలో ఫారం ఇచ్చారుగా. అందులో మట్టి ఉందా అని ఉంది. ఉందని టిక్కు పెట్టాను."

"ఎందుకు పెట్టారు ఆంటీ! సంచీలో అడుగున పెట్టుకుంటే..."

"వాడి గురించి ఇప్పటికే చాలా కాగితాల్లో తప్పు రాశాం. ఒక్కదాంట్లోనైనా నిజం రాద్దామనుకున్నాను."

కారు ఇంజిన్ ఆపేశాను.

"తనిఖీ దగ్గర ఉన్నది మావోరీ కుర్రాడు, ఈ నేల మూలవాసే. ఇదేమిటి అన్నాడు. నా తమ్ముడు అన్నాను. చేతులకున్న గ్లవ్స్ తీసేశాడు. లోపలికెళ్లి వాళ్ల పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి, వదలడానికి రూల్ లేదు, సారీ ఆంటీ అన్నాడు. మన పిల్లల్లాగే ఆంటీ అన్నాడు. రెండు చేతుల్తో పట్టుకుని తీసుకున్నాడు రుమాలుని. ఇప్పుడు దాన్ని ఏం చేస్తారు నాయనా అని అడిగాను."

పెట్రోలు పోయించుకుని ఎవరెవరో వెళ్లిపోతున్నారు. మా వెనక కారువాడు హారన్ కొట్టకుండా ఓపిగ్గా చూస్తున్నాడు.

"కాల్చేస్తారట" అన్నారు ఆంటీ.

ఆవిడ మొహంలోకి చూశాను. ఏడవడం లేదు.

"పట్టుకున్నవన్నీ గురువారం నాడు కాలుస్తారట. ఎన్ని గంటలకని అడిగాను. అది తనకి తెలియదన్నాడు."

గురువారం నేను సెలవు పెట్టి, తలస్నానం చేసి ఆవిడ ఇంటికి వెళ్లాను. వంటింట్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఎన్నింటికో తెలియదు కాబట్టి, చీకటి పడేదాకా ఆవిడ పొయ్యి వెలిగించలేదు.